నిప్పునార్పుటకు పుట్టిన ఇంజను

నిప్పును ఆర్పుటకై పుట్టిన ఇంజను ఒకటి, పదమూడు సంవత్సరాలు తిరిగేసరికి, తన వేడిని తానే చల్లార్చుకొనలేని ఇంజనుగా పేరుమోసినది. ఆ అపకీర్తి కొంత న్యాయమైనది, కొంత అన్యాయమైనది. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో రూపుదిద్దుకొని, స్కాట్లండులోని లిన్‌వుడ్ అనే చిన్న ఊరిలో కారునెక్కి, 1963లో లోకం ఎదుటికి వచ్చిన ఇంజను అది. ఆ కారు పేరు హిల్మన్ ఇంప్. ఇంప్ అనగా అల్లరి పిల్లవాడు, చిన్ని పిశాచం అని అర్థం. కారుకు ఆ పేరు ముద్దుగా పెట్టినదే కాని, కొన్నవారిలో కొందరికి అది నిజమే అనిపించినది.

యంత్రాల చరిత్ర అనగా లోహాల చరిత్ర మాత్రమే అని మనం తలచుట సహజం. ఈ ఇంజను కథ పరిశీలించినచో, లోహంలో ఎన్ని గుణదోషాలున్నవో, దానిని పోసిన చేతులలో, నడిపిన చేతులలో, మరమ్మతు చేసిన చేతులలో కూడ అన్ని గుణదోషాలున్నవని మాకు తోచినది. ఆ సంగతి మా శ్రోతలతో ముచ్చటించుటకే ఈ ప్రసంగం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బాంబులు రేపిన మంటలను బ్రిటను చవిచూచినది. 1940 నవంబరు 14వ తేదీ రాత్రి కోవెంట్రీ నగరమే మంటలలో మునిగినది. ఆ అనుభవం మరువని ప్రభుత్వం, 1950 ప్రాంతంలో, మనుషులు చేతులతో మోసికొని పోగల కొత్త పంపు కావలెనని కోరినది. పాత పంపుకన్న రెట్టింపు నీరు చిమ్మవలెను. బరువు మాత్రం సగమే ఉండవలెను. ఇది గొంతెమ్మ కోరికవలె కనిపించును. కాని కోవెంట్రీలోనే ఉన్న కోవెంట్రీ క్లైమాక్స్ అనే సంస్థ ఆ పని చేపట్టినది. వాల్టర్ హాసన్, హారీ మండీ అనే ఇంజనీర్లు, ఇనుమును వదలి, అల్యూమినియంతో పోతపోసి, సుమారు 1,020 ఘనసెంటీమీటర్ల ఇంజనును తయారుచేసినారు. దానికి వారు పెట్టిన పేరు ఫెదర్ వెయిట్, అనగా ఈకబరువు. నిజంగా ఈకబరువు కాకపోయినా, నాటి ఇనుప ఇంజనుల ప్రక్కన అది ఈకయే.

తేలికగా ఉండి బలం హెచ్చుగా ఇచ్చే ఇంజను కనిపించినచో పందెపు కార్లవారు ఊరకుందురా? 1954లో ఆ పంపు ఇంజనును 1,097 ఘనసెంటీమీటర్లకు పెంచి పందేలకు దింపినారు. లోటస్, కూపర్ వంటి చిన్న సంస్థలు దానితోనే పేరు తెచ్చుకొన్నవి. ఆ పరిచయం మరింత దూరం పోయినది. అదే క్లైమాక్స్ సంస్థ వేరుగా నిర్మించిన మరొక పెద్ద ఇంజనుతో, కూపర్ కారు నడిపి, ఆస్ట్రేలియావాడైన జాక్ బ్రాభమ్ 1959లోను 1960లోను ప్రపంచ విజేత అయినాడు. ఇంతలో క్లైమాక్స్ వారు పడవలకు పనికివచ్చునట్లు 653 ఘనసెంటీమీటర్ల చిన్న ఇంజనును కూడ చేసినారు. ఈ తమ్ముడి వంశంలోనిదే మన ఇంప్ ఇంజను.

ఇక కారు సంగతి. విలియం రూట్స్, రెజినాల్డ్ రూట్స్ అనే అన్నదమ్ములు నడిపిన రూట్స్ సంస్థ మధ్యతరగతి కుటుంబాలకు తగిన పెద్ద కార్లకు పేరుపొందినది. చిన్నకారు చేసిన అలవాటు వారికి లేదు. 1955 ప్రాంతంలో టిమ్ ఫ్రై, మైఖేల్ పార్క్స్ అనే ఇద్దరు యువ ఇంజనీర్లు, అతి చౌకగా నడిచే చిన్నకారు ఒకటి చేసి చూతమని పూనుకొన్నారు. వారి మొదటి ప్రయత్నానికి స్లగ్ అని, అనగా నత్తజాతి పురుగు అని మారుపేరు వచ్చినది. గాలితో చల్లబడే రెండు సిలిండర్ల ఇంజనుతో నడిచిన ఆ రూపం యజమానులకు నచ్చలేదు. మరుసటి సంవత్సరం సూయెజ్ కాలువ సంక్షోభం వచ్చినది. 1956 డిసెంబరులో బ్రిటనులో పెట్రోలుకు రేషను పెట్టినారు. గ్యాలను పెట్రోలుతో ఎన్ని మైళ్ళు పోవచ్చునన్నదే అందరి ప్రశ్న అయినది. చిన్నకారుకు మంచిరోజులు వచ్చినవి. 1959 ఆగస్టులో బ్రిటిషు మోటార్ కార్పొరేషను వారి మినీ కారు వెలువడినది. రూట్స్ వారు ఇక ఆలసించుటకు వీలులేకపోయినది.

ఇంప్ కారులో ఇంజను వెనుక ఉన్నది. వెనుక చక్రాల ఇరుసుకు ఆవల బరువైన ఇనుప ఇంజను పెట్టినచో, మలుపులో కారు తోక ఊగిపోవును. కనుక వెనుక పెట్టదగిన ఇంజను తేలికైనదై ఉండి తీరవలెను. పందేల లోకంతో పరిచయమున్న పార్క్స్ దృష్టి క్లైమాక్స్ వారి చిన్న ఇంజనుపై పడుటకు కారణమిదే.

ఆ ఇంజను లక్షణాలు ఒకసారి చూతము. నాలుగు సిలిండర్లు, మొత్తం పరిమాణం 875 ఘనసెంటీమీటర్లు. ఒక్కొక్క సిలిండరు అడ్డుకొలత 68 మిల్లీమీటర్లు; పిస్టను పైకి క్రిందికి తిరిగే దూరం సుమారు 60.4 మిల్లీమీటర్లు. అడ్డుకొలతకన్న ఈ దూరం తక్కువ కనుక, ఇంజను వడిగా తిరిగినా పిస్టను పరుగు మితంగానే ఉండును. నిమిషానికి 5,000 చుట్లు తిరిగినపుడు అది 39 అశ్వశక్తుల బలం ఇచ్చినది. అనగా సెకనుకు 83 చుట్లు! ఆనాటి మినీలోని 848 ఘనసెంటీమీటర్ల ఇనుప ఇంజను ఇచ్చినది 34 అశ్వశక్తులు. పరిమాణంలో ఉన్న తేడా ఎంత స్వల్పమో, బలంలో వచ్చిన తేడా ఎంతో గమనించవచ్చును.

ఈ బలానికి కారణాలు రెండు. మొదటిది, పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని పదింట ఒక వంతుకు నొక్కివేసి మండించుట. ఇందుకు మేలు రకం పెట్రోలు కావలసివచ్చినది. రెండవది, వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్టును ఇంజను నెత్తిపైనే పెట్టి గొలుసుతో త్రిప్పుట. మామూలు కార్లలో ఈ కడ్డీ ఇంజను ప్రక్కన క్రిందుగా ఉండి, పొడవైన పుల్లలతో వాల్వులను నెట్టేది. నెత్తిపై పెట్టుట ఆనాడు ఖరీదైన కార్లకు, పందెపు కార్లకు చెల్లిన వైభవం. చౌక కారుకు అట్టి ఇంజను అమర్చుట సాహసమే. ఇది చాలక, చోటు కలిసివచ్చుటకును బరువు క్రిందికి దిగుటకును ఇంజనును 45 డిగ్రీల వాలుగా ప్రక్కకు పడుకోబెట్టినారు. సుమారు 700 కిలోగ్రాముల ఆ కారు గంటకు 80 మైళ్ళకు దగ్గరగా పోగలిగినది.

ఇంతవరకు బాగుగనే ఉన్నది. చిక్కు అంతా ఆ ఇంజనును ఎక్కడ చేసినారు, ఎట్లు చేసినారు అన్నచోట మొదలైనది.

రూట్స్ వారి కర్మాగారాలు కోవెంట్రీ ప్రాంతంలో ఉన్నవి. కొత్త కారుకు అక్కడనే కర్మాగారం పెంచుకొనవలెనని వారి అభిలాష. కాని ఆనాటి ప్రభుత్వం అందుకు అనుమతింపలేదు. నిరుద్యోగం పెరుగుతున్న ప్రాంతాలకు పరిశ్రమలు పోవలెనన్నది దాని విధానం. ఆ ఉద్దేశం మంచిదే. గ్లాస్గో నగరానికి పడమరగా, పైస్లీ పట్టణం చెంత ఉన్న లిన్‌వుడ్‌ను ఎంచుకొన్నారు. క్లైడ్ నది ఒడ్డున తరతరాలుగా ఓడలు కట్టిన చేతులు అక్కడ పనిలేక ఖాళీగా ఉన్నవి. ఓడ కట్టువాడు ఒక్కొక్క ఓడను నెలల తరబడి కట్టును. తన పనిలో తానే రాజు. కారు కర్మాగారంలోనో, కదిలే పట్టాపై వచ్చిన ప్రతి కారుకు అవే నాలుగు బోల్టులు రోజంతా బిగింపవలెను. ఈ మార్పు మనుషులకు సులభంగా రాలేదు. తగాదాలు, పని నిలిపివేతలు తరచు జరిగినవి. సంవత్సరానికి లక్షన్నర కార్లు చేయుటకు కట్టిన కర్మాగారమది.

ప్రయాణం మరొక చిక్కు. అల్యూమినియం పోతలు లిన్‌వుడ్‌లోనే పోసేవారు. వాటిని చెక్కి, కూర్చి, ఇంజనుగా చేయుటకు సుమారు 300 మైళ్ళ దూరాన ఉన్న కోవెంట్రీకి పంపేవారు. పూర్తి అయిన ఇంజను మరల 300 మైళ్ళు ఉత్తరానికి వచ్చి కారునెక్కేది. ఆపైన అమ్మకానికి ఎక్కువ కార్లు మరల దక్షిణానికే పోయేవి. పోతలో లోపం ఉన్నదని కోవెంట్రీలో తెలిసేసరికి, లిన్‌వుడ్‌లో అదే లోపంతో మరికొన్ని పోసి ఉండుట సంభవమే కదా. పోయువాడును చెక్కువాడును ఒక కప్పు క్రింద ఉన్నచో క్షణంలో తీరిపోయే మాట, ఇక్కడ రెండు దేశాల నడుమ ఉత్తరప్రత్యుత్తరమైనది.

1963 మే 2వ తేదీన ఎడింబరో డ్యూకు ఫిలిప్ రాకుమారుడు కర్మాగారాన్ని ప్రారంభించినారు. కారు వెల 508 పౌనులు. రాకుమారుడు వచ్చే తేదీ నిశ్చయమైపోయినది. కారును పూర్తిగా పరీక్షించుటకు కావలసిన గడువు మాత్రం మిగులలేదు. కొన్నవారే పరీక్షకులైనారు.

వారికి ఎదురైన చిక్కులను వరుసగా చెప్పవచ్చును. మొదటిది వేడి. ఇంజను వెనుక ఉన్నట్లే రేడియేటరు కూడ వెనుకనే ఉన్నది. ముందు రేడియేటరు ఉన్న కారు పరుగెత్తుతుంటే ఎదురుగాలి తనంతట తానే చల్లబరచును. వెనుక ఉన్నదానికి ఆ భాగ్యం లేదు. ఫ్యాను లాగిన గాలియే దిక్కు. కారు అడుగుభాగం నుండి లాగిన ఆ గాలితోపాటు దుమ్ము, బురద కూడ వచ్చి రేడియేటరు రెక్కల నడుమ పేరుకొనేవి. వాటిని తుడవవలెనని తెలియనివారి కారు ఎండాకాలపు ఎత్తురోడ్డుపై మరిగిపోయేది. లోపల కూర్చున్నవారికి వెచ్చదనం ఇచ్చే హీటరు కారు ముందు భాగంలో ఉన్నది; దానికి వేడినీరు వెనుకనుండి పొడవైన గొట్టాలలో పోవలెను. నీరు మార్చినపుడు ఆ గొట్టాలలో గాలి చిక్కుకొన్నచో నీటి ప్రవాహం ఆగిపోయేది.

రెండవది, నీటిని త్రిప్పే పంపు. మొదటి సంవత్సరాల కార్లలో ఈ చిన్న పంపు బేరింగు అరిగి, నీరు కారుట సామాన్యమైనది. నిప్పుపై నీరు చిమ్ముటకు పుట్టిన వంశంలోని ఇంజనుకు తన నీటిపంపే శత్రువైనది!

మూడవది, గ్యాస్కెట్టు. ఇంజను మొండెమునకు, పైనుండే హెడ్డుకు నడుమ పరచే పలుచని బిళ్ళ ఇది. ఇక్కడ అల్యూమినియం స్వభావం కొంత తెలిసికొనవలెను. మీటరు పొడవు గల అల్యూమినియం కడ్డీని నూరు సెంటీగ్రేడు డిగ్రీలు వేడిచేసినచో అది రెండు మిల్లీమీటర్లకు మించి పెరుగును. ఇనుప కడ్డీ అందులో సగం మాత్రమే పెరుగును. ఇంప్ ఇంజనులో మొండెం, హెడ్డు అల్యూమినియం. సిలిండర్ల లోపలి తొడుగులు పోత ఇనుము. బిగించే బోల్టులు ఉక్కు. ఒక ఇంటిలో తలొక స్వభావం గలవారు కాపురమున్నట్లు ఇవి కలిసి ఉండవలెను. వేడి మితంలో ఉన్నంతకాలం కాపురం సాగును. ఒక్కసారి నీరు మరిగి వేడి హద్దు మీరినచో హెడ్డు వంగును. గ్యాస్కెట్టు కాలి చిట్లును. నీరు సిలిండరులోనికి పోవును. ఇనుప ఇంజను అటువంటి అపరాధాన్ని కొంత ఓర్చుకొనును, అల్యూమినియం ఓర్వదు.

నాలుగవది తుప్పు. ఆనాడు బ్రిటనులో చలికాలం రాగానే నీరు గడ్డకట్టకుండ మందు కలుపుట, వసంతం రాగానే దానిని పారబోసి మంచినీరు నింపుట అలవాటు. ఇనుప ఇంజనుకు దానివలన పెద్ద కీడు లేకపోయినది. కాని ఆ మందులో లోహాన్ని తినివేయకుండ కాపాడే పదార్థాలు కూడ ఉన్నవి. అల్యూమినియం, ఇనుము ప్రక్కప్రక్కన ఉన్నచోట ఉత్త నీరు చేరినచో అల్యూమినియం తినబడును. పొదుపరియైన గృహస్థుడు వసంతంలో పారబోసినది తన ఇంజను ఆయుర్దాయమే అని అతనికి ఎవరును చెప్పలేదు.

అయిదవది, వేగం హెచ్చించే పెడలు. మామూలు కార్లలో పెడలుకు కార్బురేటరుకు తీగ ఉండును. ఇంప్‌లో పెడలు కారు ముందు, కార్బురేటరు కారు చివర. అందుచేత తీగ మాని, గొట్టంలోని గాలి ఒత్తిడితో పని జరిపించినారు. ఆలోచన ముచ్చటైనది, ఎక్కడనైన గాలి కారినచో మాత్రం పెడలు తొక్కినా కారు ఉలకదు. చలికాలంలో ఇంజను మేల్కొలుపుటకు తనంతట తానే పనిచేసే చోకు కూడ మొదట పెట్టినారు. దాని ప్రవర్తన కూడ నమ్మదగినదిగా లేకపోయినది.

ఆరవది, మరమ్మతు. ఇనుముతో పనిచేసి చేయి తిరిగిన మెకానిక్కు బోల్టును చేతి అంచనాతో బిగించును. అల్యూమినియంలో ఆ బిగింపు మరచుట్లను ఊడబెరుకును. కొలతగల రెంచితో, చెప్పినంత బలంతోనే బిగింపవలెను. వాల్వుల సందు సరిచూచుటకు మామూలు కారులో మరను కొద్దిగా త్రిప్పినచో చాలును. ఇక్కడ క్యామ్‌షాఫ్టునే విప్పి, అడుగున తగిన మందము గల చిన్న బిళ్ళలు మార్చవలెను. వీథిచివరి గరాజులో ఈ ఓపిక, ఈ పనిముట్లు ఎక్కడివి?

ఈ ఆరు చిక్కులలో ఇంజను రూపకల్పనలోనే ఉన్న దోషాలు ఎన్ని? నీటిపంపు, గాలి పెడలు, చోకు, ఈ మూడును నిస్సందేహంగా చేసినవారి దోషాలే. రేడియేటరు చోటును కూడ చేర్చవచ్చును. మిగిలినవి కొత్త లోహాన్ని పాత అలవాట్లతో ఏలబోవుటవలన వచ్చినవి. పంపు ఇంజనుతో పోల్చి చూడుడు. అగ్నిమాపక దళంలో దానిని శిక్షణ పొందినవారే ముట్టుకొనేవారు. క్రమం తప్పక పరీక్షించేవారు. పని చేసినంతసేపు చుట్టూ చన్నీరే. అదే వంశపు ఇంజను గృహస్థుని చేతిలో పడినపుడు, నెలల తరబడి మూత తెరచి చూచువాడు లేకపోయినాడు.

సంస్థ దిద్దుబాటుకు పూనుకొనలేదనుట న్యాయం కాదు. 1965లో వచ్చిన రెండవ రకం ఇంప్‌లో ఎన్నో మార్పులు చేసినారు. గాలి పెడలు పోయి తీగ వచ్చినది. వాల్వులు పెద్దవైనవి. కాని కీర్తికి రెక్కలుంటే అపకీర్తికి చక్రాలుండును కాబోలు. కారుకన్న ముందుగా ఊరూరికి చేరినది. అప్పటికే మినీ కారు జనం మనసులలో స్థిరపడిపోయినది.

ఇంజనులో సత్తువ ఉన్నదనుటకు మాత్రం సాక్ష్యం కరవు లేదు. 1965లో డబ్లిన్ నగరవాసియైన రోజ్‌మేరీ స్మిత్ అనే మహిళ, హాలెండువారి ట్యూలిప్ ర్యాలీలో ఇంప్ కారు నడిపి, పురుషులందరినీ వెనుకవేసి ప్రథమ విజేత అయినది. 1970, 1971, 1972 సంవత్సరాలలో బిల్ మెక్‌గవర్న్ ఇంప్ కారుతోనే బ్రిటిషు సెలూను కార్ల పందేలలో వరుసగా మూడుసార్లు విజేత అయినాడు. గృహస్థుని చేతిలో మరిగిపోయిన ఇంజను, నిత్యం పరీక్షించి బిగింపు చూచుకొనే పందెగాళ్ళ చేతిలో అంతకు అనేకరెట్ల శ్రమను ఓర్చినది. లోహం ఒక్కటే, చేతులు వేరు.

కాని పందేల గెలుపు కర్మాగారాన్ని నిలుపలేదు. నష్టాలలో పడిన రూట్స్ సంస్థలో అమెరికాకు చెందిన క్రైస్లర్ సంస్థ 1964లో వాటా కొన్నది; 1967లో యాజమాన్యమే చేపట్టినది. 1976లో ఇంప్ తయారీ ఆగిపోయినది. పదమూడు సంవత్సరాలలో చేసిన కార్లు సుమారు 4,40,000. అనగా సంవత్సరానికి లక్షన్నర చేయగల కర్మాగారానికి అది మూడేండ్ల పని! 1978లో కర్మాగారం ఫ్రాన్సు దేశపు పూజో చేతికి పోయినది. 1981లో లిన్‌వుడ్ కర్మాగారాన్ని మూసివేసినారు. ఓడల పని పోయి కార్ల పనిలో చేరిన కుటుంబాలలో ఇంకొక తరం మరల పని కోల్పోయినది. 1987లో క్రెయిగ్ రీడ్, చార్లీ రీడ్ అనే స్కాట్లండు కవల సోదరులు పాడి రేడియోలో మారుమ్రోగించిన వలస పాటలో, పోయిన పరిశ్రమల వరుసలో లిన్‌వుడ్ పేరు కూడ వినిపించినది.

ఒక నీటిపంపు బేరింగువలన ఊరు పాడైనదనుట అతిశయోక్తి. తప్పులు పలుచోట్ల జరిగినవి. గడువు చాలకుండ తేదీ పెట్టినవారు, పోతకును కూర్పుకును నడుమ మూడువందల మైళ్ళు ఉంచినవారు, కొత్త పనివారికి కొత్త పని ఓపికగా నేర్పనివారు, కొన్నవారికి నీటి సంగతి చెప్పనివారు, అందరికీ ఇందులో భాగమున్నది. కాని ఆ తప్పులన్నియు చివరకు బయటపడిన చోటు ఆ పలుచని గ్యాస్కెట్టే. ఆ మూల్యం చెల్లించినది మాత్రం తప్పు చేసినవారిలో చాలామంది కారు. కదిలే పట్టా ప్రక్కన నిలిచి పనిచేసినవారు.

నేడు లోకంలో తిరిగే చిన్నకార్లలో చాలావాటి ఇంజనులు అల్యూమినియంతో పోసినవే. నెత్తిపై క్యామ్‌షాఫ్టు సామాన్యమైపోయినది. 1963లో సాహసమనిపించినది నేడు వాడుక. లోహం మారలేదు, దానిని ఏలే పద్ధతి మారినది. ఏడాది పొడవున రేడియేటరులో ఉంచవలసిన ద్రవం, కొలత ప్రకారం బిగింపవలసిన బోల్టులు, మెకానిక్కులకు శిక్షణ, ఇవన్నియు ఇంప్ వంటి కార్లను కొన్నవారి కష్టంతో లోకం నేర్చుకొన్న పాఠాలు. ఇంటిలో కారున్న మా శ్రోతలు, రేడియేటరులో మంచినీరు పోసినచో ఏమగునులే అని ఎవరైనా అన్నప్పుడు, లిన్‌వుడ్ ఊరిని ఒకసారి తలచుకొనుట మంచిది.